ఎడమ అంచు

ఒక నేలమీద తాను బతికానని రుజువు తెచ్చుకోవలసింది బతికిన మనిషే ఎందుకు కావాలి? ఆ మనిషి అక్కడ లేడని రాసినవాడిని రుజువు అడిగే అధికారి ఏ కార్యాలయంలో, ఏ బల్ల వెనుక కూర్చుంటాడు?

2011లో దసరా వెళ్ళిన మర్నాడు, భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గని అంచున అమర్‌సింగ్ అడిగింది ఈ ప్రశ్ననే. అతడు ఇన్ని మాటలు వాడలేదు. "అన్నా, మరి మా చేను ఏది?" అన్నాడు, అంతే.

అతడు రావడానికి అరగంట ముందు రఘునాథ్ మట్టిగుట్ట వాలున బోర్లా పడుకొని ఉన్నాడు. పక్కన డంపర్ ఆపరేటర్ పోశాలు గొంతుక్కూర్చున్నాడు. సకల జనుల సమ్మెలో గని ఆగి ఇరవై అయిదు రోజులైంది. పేలుళ్ళు లేవు. దుమ్ము దిగిపోయింది. రెండు వానలకు కడుక్కుపోయిన చెట్లు తమ అసలు రంగులోకి వచ్చాయి. గని అడుగున నిలిచిన వాననీటిలో ఆకాశం ఒక్క మడతా లేకుండా పరుచుకొని ఉంది.

"ఇరవై ఏండ్ల సర్వీసుల గీ గుంతల పిట్ట కూత ఇనుడు గిదే మొదలు రఘన్నా," అన్నాడు పోశాలు.

రఘునాథ్ వేలు పైకెత్తాడు. డంపర్లు దిగే దారి మలుపులో ఒక దుప్పి నిలబడి ఉంది. చెవులు రెండూ ముందుకు తిప్పి, గనిని మొత్తంగా విన్నది. తరువాత దిగింది. దాని వెనుక ఇంకొకటి, మరొకటి. ఇరుకైన టైరు చాళ్ళలో గిట్ట పక్కన గిట్ట వేసుకుంటూ, ఒకదాని వెంట ఒకటి, పదకొండు దుప్పులు గని అడుగుకు దిగాయి. ఆ దారిని అవి ఎప్పుడూ చూసి ఉండవు. కానీ ఆ నీటికి అది ఒక్కటే దారి అని వాటికి తెలిసింది. మొదటిది మూతి ఆనించగానే ఆకాశం కదిలింది.

పోశాలు తలమీది టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. "డ్యూటీకి వచ్చినట్టె లైను కట్టినయ్. గివి గూడ సమ్మెల లెవ్వా ఏంది?"

"జర ఊకో."

రఘునాథ్ ఆరుసార్లు మాత్రమే కెమెరా మీట నొక్కాడు. అతడు జనగామలో స్టూడియో నడుపుతాడు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో అడవిలో ఉంటాడు. నీటి చెలమల దగ్గర పాదముద్రలు కొలిచి రాస్తాడు. వేటగాళ్ళు పెట్టిన తీగ ఉచ్చులను విప్పి, ఎక్కడ దొరికిందో చీటీ కట్టి దాచిపెడతాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పని ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. అడవిలోకి వెళ్ళే అనుమతి ప్రతి జనవరిలో కొత్తగా రాయించుకోవాలి. అది లేనినాడు తాను ఉత్త పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌నని అతనికి తెలుసు.

రాళ్ళు దొర్లిన చప్పుడుకు దుప్పులు తలలెత్తాయి. మరుక్షణం దారిమీద ఒక్కటీ లేదు. అమర్‌సింగ్ సైకిలు పడేసి గుట్ట ఎక్కి వచ్చాడు. అదే గనిలో కాంట్రాక్టు కూలీ. మహబూబాబాద్ వైపు అడవిలో అతని తండా ఉంది. తల్లి రామి అక్కడే నాలుగెకరాల పోడు చేసుకుంటుంది. అతడు ప్లాస్టిక్ సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు.

మొదటిది అటవీ శాఖ రేంజి కార్యాలయం నోటీసు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు పదమూడుకు ముందునుంచి సాగులో ఉన్నవారికే ఆ భూమి దక్కుతుంది. రామి పెట్టుకున్న దరఖాస్తుకు ఆ కార్యాలయం ఇలా అభ్యంతరం రాసింది: "సదరు స్థలమున 2003 నాటికి ఎట్టి సాగు లేదనియు, దట్టమైన అటవీ ప్రాంతమనియు జతపరచిన బహుమతి ఛాయాచిత్రము వలన తెలియుచున్నది." రెండో కాగితం ఆ ఛాయాచిత్రానికి జిరాక్సు. ఒక పాత క్యాలెండరు పుట. పులి నిలబడి, తల ఎడమకు తిప్పి, చట్రం అవతలికి చూస్తోంది. కింద రఘునాథ్ పేరు, ఊరు.

"గిది నువ్వు తీసిందేనా అన్నా?"

"నేనే."

"అన్నా, మరి మా చేను ఏది? మా యాడి, మా అమ్మ, గడిగడికి చెప్తది, ఫొటో సారు నన్ను గూడ తీసిండని. యాడి ఏది?"

"ఉండె. ఎడమ దిక్కు ఉండె." రఘునాథ్ కెమెరా పట్టీని చేతికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు. "కోసిన."

"ఏంది?"

"పోటీకి పంపుతందుకు. అడవి బొమ్మల మనిషి కనవడొద్దు. మంచె గానీ, తొవ్వ గానీ, మనిషి చేసింది ఏదీ కనవడొద్దు. గట్లయితెనె తీసుకుంటరు. అది వాళ్ళ రూలు."

పోశాలు నోటీసును చేతిలోకి తీసుకొని చివరిదాకా చదివాడు. "మనిషి కనవడొద్దా? మరి తీసినోడెవడు, ఎలుగుబంటా?"

అమర్‌సింగ్ నవ్వలేదు. "సోమవారం పొద్దుగాల చేనుకు అడ్డంగ కందకం తవ్వుతరట. మిషిన్ వస్తది. మక్క ఇంకా పూర్తిగ కోయలే. ఆర్డీవో ఆఫీసుకు పోతె అందరు సమ్మె టెంటుల కూసున్నరు. మేం స్టాంపు ముట్టుకోం తమ్మీ, తెలంగాణ వచ్చినంక రా అన్నరు. నేను గూడ సమ్మెలనే ఉన్న గదన్నా, వాళ్ళనేమందు?"

రఘునాథ్ ఆ రోజే జనగామ బయలుదేరాడు. బస్సులు లేవు. మోటారు సైకిలుమీద పరకాల దాటేదాకా, అమర్‌సింగ్ అడగనివాటికి జవాబులు సిద్ధం చేసుకుంటూ పోయాడు.

శనివారం జనగామలో కరెంటు పదకొండింటికి పోయి ఒంటిగంటకు వచ్చింది. మళ్ళీ మూడింటికి పోతుంది. పోశాలు బొగ్గు తవ్వడం మానేశాడు కనుక రఘునాథ్ డార్క్‌రూములో దీపం వెలగదు. ఈ లెక్కలో అన్యాయమేమీ లేదు. రెండు గంటల్లో పని ముగించాలి, అంతే.

అతని భార్య వనజ బడిపంతులమ్మ. సమ్మెలో భాగంగా రోడ్డుమీద వంటావార్పు ముగించుకొని, చేతులకు పొగ వాసనతో ఇంటికి వచ్చింది. బీరువా పైనుంచి దించిన నెగెటివ్‌ల పెట్టెను, బహుమతి పత్రాన్ని చూసింది. ఏమిటని అడగలేదు. జిరాక్సు కాగితాన్ని తీసి చూసి, తనకు తానే చెప్పుకున్నట్టు, "పూర్తి బొమ్మ ఇస్తె జనవరిల పర్మిషన్ ఇయ్యరు," అన్నది.

"ఇయ్యరు."

"పోటీవాళ్ళు బహుమతి వాపసు అడుగుతరు."

"అడగనీ."

"మరి ఇంకా ఏం చూస్తున్నవు? కరెంటు పోతది."

అతడు నెగెటివ్‌ను అంచులు పట్టుకొని తీశాడు. రబ్బరు బుడ్డితో గాలి ఊది, రేకు చట్రంలో బిగించి, బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లోకి తోశాడు. మొదట పోస్టుకార్డంత కాగితంమీద పూర్తి బొమ్మ. పన్నెండు సెకన్లు. కాగితాన్ని డెవలపర్ తట్టలో వేసి, తట్టను ఒక మూల ఎత్తి దించుతూ నిలబడ్డాడు.

తెల్లటి కాగితంలో మొదట చారలు వచ్చాయి. జంతువు ఇంకా లేదు, చారలు మాత్రమే ఉన్నాయి, నీళ్ళలో వేలాడుతూ. తరువాత వాటి మధ్యకు ఒళ్ళు వచ్చింది. భుజం, మెడ, ఎత్తిన ముంగాలు. వేలసార్లు చేసిన పని ఇది. అయినా పులి కాగితంలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ అతడు ఊపిరి బిగబట్టేవాడు, ఇప్పుడూ బిగబట్టాడు. అటు తరువాత, చాలా ఆలస్యంగా, ఎడమ చివర నాలుగు గుంజలు నిలిచాయి. వాటిమీద మంచె. దాని చుట్టూ కంకులు వంగిన జొన్న. జొన్నలో నడుముదాకా ఒక స్త్రీ.

అతడు బొమ్మను చెరగకుండా నిలిపే హైపో ద్రావణంలో వేసి ఆలోచించాడు. ఆలోచన సరైనదే, దానికి తర్కం ఉంది. పులి కనిపిస్తే కందకానికే బలం; పులి తిరిగే చోట పోడు ఏమిటంటారు. పులిని తీసేస్తే మిగిలేది చేను. చేను, మంచె, మనిషి. అంతకన్న గట్టి సాక్ష్యం ఏముంటుంది? అతడు ఎన్‌లార్జర్ తలను పైకి జరిపి, రెండు నల్ల అట్టలను బల్లమీద అమర్చాడు. కుడివైపు అట్టను వేలి గోటితో నెట్టి నెట్టి, పులి తోక కొస కూడా కనిపించనంతదాకా తెచ్చాడు. పెద్ద కాగితం తీశాడు. నలభై సెకన్లు.

హైపోలోంచి తీసి నీళ్ళలో వేస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో అతనికి తృప్తిగానే ఉంది.

ఆదివారం కొడకండ్ల, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ చేరి, అక్కడినుంచి అడవి దారిలో తండాకు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అమర్‌సింగ్ ముందే వచ్చి ఉన్నాడు. రామి చేని గట్టున కూర్చొని, ఎండిన మక్క కంకులకు పొట్టు ఒలుస్తోంది. అరవై ఏళ్ళ మనిషి. బొటనవేలితో పొట్టును చీల్చి, ఒక్క గుంజుకు రెండు వైపులా దించి, కంకిని చూడకుండానే వెనుక కుప్పమీదికి విసురుతుంది. ఒక్కటీ కుప్ప దాటి పడలేదు.

"ఎనిమిదేండ్లకు తొవ్వ దొరికింది సారూ నీకు," అన్నది. "బొమ్మ తెచ్చిస్తనని పోయినవ్. అడవిల తప్పిపోయినవనుకున్న."

"తెచ్చిన అక్కా."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని పెద్ద బొమ్మను తీసుకున్నది. చాలాసేపు చూసింది. "గిది నేనే. గప్పుడు పండ్లన్ని ఉండె. గిది మా పాత మంచె. గా జొన్న ఒక్కో కంకి గింత." కొడుకుకు తమ భాషలో ఏదో చెప్పింది, అతడు నవ్వాడు. ఆమె బొమ్మను తిప్పి వెనుక చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది. "మరి పెద్దది ఏది?"

ఆ తండాలో పులిని పేరు పెట్టి పిలవరు.

"అది పక్కకుండె అక్కా. ఆఫీసోళ్ళు దాన్ని చూస్తె ఇది అడవే అంటరు. అందుకే..."

"కోసినవా?"

అతడు తల ఊపాడు.

"మొదలు నన్ను కోసినవ్. ఇప్పుడు దాన్ని కోసినవ్." ఆమె గొంతు పెంచలేదు. "మేమిద్దరం ఒక్కతాన నీ కంటికి పట్టమా సారూ? అది లేకుంటె నేను ఎవరిని చూస్తున్నట్టు? గిది చూసినోడు పిచ్చి ముసల్ది గాలిని చూస్తుంది అంటడు."

అతడు సంచిలోంచి పోస్టుకార్డంత బొమ్మను తీసి ఇచ్చాడు. ఆమె దానిని కంటికి దూరంగా పెట్టి, దగ్గరగా తెచ్చి, కుదరక, "నీ అద్దం ఇయ్యి," అన్నది. అతడు భూతద్దం ఇచ్చాడు. ఒక కన్ను మూసి చూసింది. ముఖంలో ఏదీ మారలేదు. చూపుడువేలు మాత్రం బొమ్మమీద ఒకచోట ఆగింది.

"నా ఎడమ చెయ్యి ఏడున్నదో చూడు."

అతడు చూశాడు. ఆమె చెయ్యి జొన్నలోకి, మోకాలి పక్కకు దిగి ఉంది. దాని కింద ఒక నల్లటి ముద్ద. ఎనిమిదేళ్ళ కింద ఒకే ఒక్కసారి, అంచు ఎక్కడ కోయాలో నిర్ణయించేటప్పుడు, దానిని మొద్దు అనుకున్నాడు. ఇప్పుడు మొద్దుకు చెవి ఉంది.

"మా కర్రి కుక్క. దాని మూతి పట్టుకున్న." ఆమె మళ్ళీ కంకి తీసుకున్నది. "నువ్వు వాగు గడ్డిల మూడు దినాలు పండుకున్నవ్. ఎవరికి ఎరుకలేదు అనుకున్నవ్, తండా అంతకు ఎరుకే. పెద్దది మెల్లగ వచ్చింది, చేని కొసకు నిలవడ్డది. కుక్క మొరిగితె అది బెదురుతది. బెదిరితె నా దిక్కు రాదు, వాగు దిక్కు దుంకుతది. వాగు దిక్కు ఎవరున్నరు?"

పొట్టు చీలిన చప్పుడు వినిపించింది.

"గుంజుకుంటది, పెనుగులాడతది, నేను ఇడువలే. ఆఖరుకు నన్నే కరిసింది ముండ." బొటనవేలి మొదట్లో తెల్లబడ్డ మచ్చను చూపించింది. "పెద్దది నన్ను చూసింది. నేను దాన్ని చూసిన. గంత దగ్గర. దాని మీసాలమీద మంచు ఉండె సారూ, చుక్కలు చుక్కలు. ఎంతసేపో ఎరుకలేదు. దండం గూడ పెట్టలే. ఒక చెయ్యి కుక్క తాన, ఒక చెయ్యి మంచె నిచ్చెన తాన, ఖాళీ ఏడిది?"

ఆ బొమ్మకు బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతలు, మనిషి స్పర్శ ఎరుగని అడవి అనంతంలోకి ప్రసరించిన చూపు అని దానిని మెచ్చుకున్నారు. పత్రంమీద ఆ వాక్యం బంగారు అక్షరాల్లో ఉంది. పులి ఏ అనంతాన్నీ చూడలేదు. రామిని చూసింది. మూడు రోజులు కదలకుండా పడుకున్న తన ఓర్పు ఆ బొమ్మను సంపాదించిందని రఘునాథ్ ఎనిమిదేళ్ళు నమ్మాడు. అతడు గట్టుమీద ఆమెకు ఎదురుగా కూర్చొని, ఒక కంకి తీసుకొని ఒలవడానికి ప్రయత్నించాడు. పొట్టు సగంలో తెగింది.

"అట్లగాదు," అన్నది రామి. "కొసనుంచి పట్టు."

సోమవారం ఎండ ఎక్కకముందే కందకం తవ్వే ప్రొక్లెయిన్ వచ్చింది. దాని వెనుక జీపు. జీపు అద్దంమీద 'జై తెలంగాణ' అని గులాబీ అక్షరాలు. రేంజి అధికారి జగపతి సమ్మె పత్రంమీద సంతకం చేసినవాడే. కందకం కాంట్రాక్టు పని కనుక దానికి సమ్మె వర్తించదని అతని నిర్ణయం. అతడు దిగేలోపే యంత్రం చేని హద్దున పని మొదలుపెట్టింది. ఇనుప పళ్ళు నేలలోకి దిగి, పైకి లేచినప్పుడు, మక్క మొక్కలు నిలువుగానే గాలిలోకి లేచాయి.

తండా ఆడవాళ్ళు గట్టుమీద నిలబడ్డారు. రామి జీపు ముందుకు వెళ్ళి, ఆ అక్షరాలమీద వేలు పెట్టింది. "సారూ, గిది మంచిగ రాయించినవ్. మా తండా గిందుల ఉన్నదా, లేదా?"

"అవ్వా, నాతోని కాదు. పైనుంచి ఆర్డరు." అప్పుడు అతడు రఘునాథ్‌ను చూశాడు. "మీరేంది సార్ ఈడ?"

రఘునాథ్ చిన్న బొమ్మను, బహుమతి పత్రాన్ని ఇచ్చాడు. "మీరు నోటీసుకు జతచేసింది కోసిన బొమ్మ. పూర్తి బొమ్మ గిది. పత్రంమీద సంవత్సరం చూడండి, 2004."

జగపతి భూతద్దంతో చూశాడు. "పులి ఉన్నది గదా. అంటే అడవే గదా."

ప్రొక్లెయిన్ డ్రైవరు, ఏమి చూస్తున్నారో తెలియక, ఇంజను ఆపి కిందికి దిగి వచ్చాడు. ఆ చప్పుడు ఆగగానే వాగు వినిపించింది. అతడు జగపతి భుజంమీదుగా తొంగిచూసి, "అబ్బ!" అని, రామిని, బొమ్మను, మళ్ళీ రామిని చూశాడు. "అవ్వా, గిది నువ్వేనా? ఉరకలేదా?"

"జొన్న ఇడిసిపెట్టి ఏడికి ఉరకాలె బిడ్డా?"

జగపతి గొంతు సవరించుకున్నాడు. "ఫొటోలమీద నడవది సార్."

"నోటీసు ఫొటోమీదనే నడిచింది."

"అయితె రాసియ్యండి. కోసిన బొమ్మకు బహుమతి తీసుకున్నరని మీ చేత్తోని రాసిస్తరా?"

రఘునాథ్ పులిని కోసిన పెద్ద బొమ్మను జీపు బానెట్‌మీద బోర్లా వేసి, దాని వెనుక రాశాడు. ఈ స్థలంలో 2003 డిసెంబరు నాటికి జొన్న సాగులో ఉంది. సాగు చేస్తున్న రామి బొమ్మలో ఉంది. పోటీ కోసం ఆమెను నేను తొలగించాను. ఆమె నా ప్రాణం కాపాడిన సంగతి కూడా నాకు నిన్ననే తెలిసింది. సంతకం, తేదీ. రెండో ప్రతిని నోటుపుస్తకంలో రాసి జగపతి సంతకం అడిగాడు. జగపతి చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"మీ పర్మిషన్ జనవరిల గదా," అన్నాడు మెల్లగా. అది బెదిరింపు కాదు. అతనికి నిజంగానే విచారంగా ఉంది.

"జనవరిలనే."

జగపతి నోటుపుస్తకంలో సంతకం చేశాడు. విచారణ జరిగేదాకా పని ఆపుతున్నట్టు డ్రైవరుకు చేత్తో చూపించాడు. యంత్రం వెనక్కి తిరిగింది. హద్దున పందొమ్మిది అడుగుల గుంట మిగిలింది. అందులో కూలిన మక్కను ఆడవాళ్ళు దిగి ఏరుకున్నారు.

రఘునాథ్ నెగెటివ్‌ను కాగితపు కవరుతో సహా రామి చేతిలో పెట్టాడు. ఫొటోగ్రాఫర్ బొమ్మ ఇస్తాడు, నెగెటివ్ ఇవ్వడు. అతడు జీవితంలో ఎవరికీ ఇవ్వలేదు. ఆమె దానిని అంచులు పట్టుకొనే తీసి, సూర్యుడి వైపు ఎత్తింది. గోరంత చట్రంలో నల్లటి పగలు, తెల్లటి చారలు, తెల్లటి మంచె నీడ. అమర్‌సింగ్ తల వంచి తల్లి చేతికింద నుంచి చూశాడు. అక్కడున్నవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ఆమె ఎత్తిన చేతికింద నిలబడి, ఒక కన్ను మూసి, పైకి చూశారు.

"ఇద్దరం ఉన్నం," అన్నది రామి.

ఆ విచారణ తేదీ మూడుసార్లు వాయిదా పడింది. ఆ క్యాలెండరు మాత్రం ఏ వాయిదా లేకుండా ఏళ్ళ కిందటే వేల ఇళ్ళకు చేరింది. దాని తరువాత అలాంటివి ఏటా వస్తూనే ఉన్నాయి, మీ గోడమీద కూడా ఒకటి ఉండి ఉంటుంది. లేచి దాని దగ్గరికి వెళ్ళండి. ఆ జంతువు కళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. కాగితం అయిపోయినచోట మీ చూపు ఆపకండి. అచ్చువేసినవారికి ఉత్తరం రాసి, పూర్తి బొమ్మ చూపించమనండి. చూపించేదాకా దానిని మేకునుంచి దించి, గోడను ఖాళీగా ఉంచండి.